మంత్రిగారి పడవ ఇంజను

ఆర్థికమంత్రి అయిన ఏడాదికల్లా నబువాకా ఇల్లు ఊడ్చుకుపోయింది. సైకిలు పినతండ్రి పట్టుకెళ్లాడు, వల మేనల్లుడు ఎత్తుకెళ్లాడు, పందిని అత్తగారు తోలుకుపోయింది. ఆ దీవుల్లో చుట్టమన్నవాడు ‘బుబుసి’ అని అడిగితే కాదనకూడదు. కాదన్నవాడి ఇంటిల్లిపాదీ తల దించుకుని తిరగాలి.

నబువాకా తన సొత్తంతా ఇచ్చాడు గానీ ఖజానా జోలికి ఎవరినీ రానివ్వలేదు. అందులోనూ తాతల నాడు గనుల డబ్బుతో పెట్టిన నిధి అంటే అతనికి ప్రాణం. సముద్రం ఊళ్లను మింగే రోజున పిల్లలు ఎక్కడైనా ఇంత నేల కొనుక్కోవడానికి దాచింది అదొక్కటే. కుర్చీలో ఉన్నన్నాళ్లూ తను ఎవరినీ ఏమీ అడగలేదు కూడా. ఖజానా తాళాలున్నవాడు అడిగితే గుంజుకున్నట్టేనని అతని పట్టుదల.

సోమవారం సభలో అతని మీద పెట్టిన అవిశ్వాస తీర్మానానికి ఓటింగు. అతని వైపు సభ్యులిద్దరు అవతలి దీవిలో ఉన్నారు. వాళ్లను తేవడానికి మిగిలింది పడవ, దాని ఇంజను. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎదుటి పక్షం సభ్యుడైన బావమరిది కైతిరా వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. ఆ నిధి తెరిచి ఇంటింటికీ రేకుల కప్పు వేయిస్తానని ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతున్నది అతనే.

“ఏం బావా, పంది కూడా పోయిందటగా?”

“మీ అమ్మే తోలుకుపోయింది. ఇంకేం మిగిలిందని వచ్చావు?”

“ఇంజనుంది కదా. బుబుసి, బావా.”

నబువాకాకు ఒళ్లు మండింది. అయినా లేచి వెళ్లి, ఇంజను మోసుకొచ్చి కైతిరా భుజానికెత్తాడు.

“పెట్రోలు పోసే ఉంది. ఒలకబోసుకోకు.”

సోమవారం ఆ సభ్యులిద్దరూ రాలేక, ఒక్క ఓటుతో పదవి పోయింది. కుర్చీ కైతిరాకు దక్కింది.

శనివారం ఊరి పెద్ద చావడిలో కొత్త మంత్రికి విందు. కాల్చిన చేపలు, సీమపనస ముక్కలు వడ్డించారు. పెద్దలు ఎవరి వంశానికి చెందిన స్తంభం దగ్గర వాళ్లు కూర్చున్నారు. నబువాకా లేచి నిలబడ్డాడు.

“కైతిరా, బుబుసి.”

చావడంతా గొల్లున నవ్వింది. “ఇచ్చెయ్యరా ఆ ఇంజను! పాపం, పడవ ఎండకు పగిలిపోతోంది,” అని ఒక ముసలామె అరిచింది.

“ఇంజను నువ్వే ఉంచుకో. నాకు నీ మాట కావాలి. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ తాతల నిధి ముట్టుకోనని చెప్పు.”

నవ్వులు ఆగిపోయాయి.

“ఇదేం అన్యాయం బావా? మంత్రిని ఇలా అడుగుతారా?”

“నిన్న మొన్నటిదాకా నేనూ మంత్రినే, అందుకే నోరు కట్టుకున్నాను. ఇప్పుడు ఉత్త మీ అక్క మొగుణ్ణి.”

కైతిరా తల్లి వైపు చూశాడు. ఆవిడ నమలడం ఆపి కొడుకునే చూస్తోంది. పెద్దలూ చూస్తున్నారు.

“ఇచ్చాను,” అన్నాడు.

నబువాకా కూర్చుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ప్రార్థన ముగియగానే, రేకుల మీద ఆశ పెట్టుకున్న చుట్టాలంతా కైతిరా గుమ్మం ముందు చేరారు. మొదట పోయింది ఇంజనే.