కట్ అనేదాకా

ఆర్చీ మెక్‌ఫెడ్రన్ చావడంలో దిట్ట. స్కాట్లాండ్‌లోని డండీలో పుట్టి, నలభై ఏళ్లు సినిమాల్లో, టీవీ సీరియళ్లలో నటించి, ఒక్కదాంట్లోనూ కథ చివరిదాకా బతకలేదు. కత్తిపోట్లు, విషం, ఉరి; ఒకసారైతే గుర్రం కింద పడి పోయాడు. ఏదో సీరియల్ షూటింగ్‌కని కెనడా వచ్చి, వాటర్లూలో ఇల్లు కొనుక్కుని ఒంటరిగా ఉండిపోయాడు. ఆ ఇంట్లో మేడమీది గది వాసవిది.

వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చిన వాసవికి ఆ గది దొరకడం దేవుడి దయే అనాలి. విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న ఏడాది అది. ఆమె క్లాస్‌మేట్ సుగుణ ఉండే బేస్‌మెంట్‌లో పరుపుల మధ్య కాలు పెట్టడానికి చోటుండేది కాదు. వాసవికి మాత్రం సగం అద్దే. దానికి బదులు ఆర్చీ అంకుల్‌కి ఆడిషన్ వీడియోలు తీయాలి, ఎదుటి పాత్ర డైలాగులు చదవాలి.

"నేను కట్ అనేదాకా చదవడం ఆపకు," అని మొదటిరోజే చెప్పాడు ఆర్చీ. "ఇంకో మాట. కెమెరాకి వీపు పెట్టి చచ్చేవాడికి రెండో సినిమా రాదు."

అక్టోబర్‌లో అతను వంటగదిలో గుండె పట్టుకుని కూలిపోతే వాసవి 911కి ఫోన్ చేసింది. అంబులెన్స్ వచ్చేసరికి మహానుభావుడు లేచి టీ పెట్టుకుంటున్నాడు. ప్రాక్టీసట. అంబులెన్స్ వాళ్ల ముందు పరువు పోయిందని మండిపడ్డాడు.

"ఇంకోసారి ఇలా చేశావంటే వేరే గది చూసుకో."

సుగుణకి చెబితే నవ్వింది. "ఆ ముసలాయన ఉత్తగనే చస్తడు, నువ్వు ఉత్తగనే భయపడతవ్. రూమ్ మాత్రం నిజంగనే పోతది చూడు."

జనవరిలో ఆర్చీ ఎడమచేతిలోంచి టీ కప్పు జారి పగిలింది. వారం తిరక్కుండా ఇంకోటి. "ప్రాక్టీస్," అన్నాడు. వాసవి రాబోయే ఆడిషన్ స్క్రిప్టంతా వెతికింది, కప్పు జారే సీను ఎక్కడా లేదు. అడగాలనుకుంది గానీ, గది పోతుందేమోనని మానుకుంది. బయట చూస్తే మంచు మోకాలి లోతున ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం టొరంటో సినిమాకి ఆడిషన్. సీనులో తలుపు బయట బతిమాలే కూతురు, లోపల కుర్చీలో ప్రాణం వదిలే తండ్రి. చివరి సీను దాకా బతికే పాత్ర ఆర్చీకి ఇదే మొదటిసారి. కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు. కాలర్‌కి ట్యాగ్ అలాగే వేలాడుతుంటే వాసవికి జాలేసింది.

ఫోన్ స్టాండుకి పెట్టి రికార్డింగ్ నొక్కింది.

"నాన్నా, తలుపు తియ్యి," అని చదివింది.

ఆర్చీ లేవబోయి, ఆగి, కుర్చీ చేతిని పట్టుకుని మెల్లగా నేలమీదికి జారాడు. ఇంత బాగా ఎప్పుడూ చేయలేదనుకుంది వాసవి.

"నాన్నా, నేనొచ్చాను."

జవాబు లేదు. స్క్రిప్టులోనూ జవాబు లేదు.

"ఒక్కసారి మాట్లాడవా?"

పేజీ తిప్పబోతూ తలెత్తి చూసింది. ఆర్చీ మొహం గోడవైపు ఉంది, వీపు కెమెరాకి ఉంది.

గది గుర్తొచ్చింది ఆమెకి, సుగుణ బేస్‌మెంట్ గుర్తొచ్చింది. సిగ్గులేని మనసు, అలాంటప్పుడే అవన్నీ గుర్తు చేస్తుంది. పోతే పోయింది గది, అనుకుంది. స్టాండులోంచి ఫోన్ లాగి 911 నొక్కుతూ, ఆ ఇంట్లో తను ఎన్నడూ అనని మాట అంది.

"కట్, అంకుల్."

నలభై ఏళ్లుగా ఆ మాట వినగానే లేచి దుమ్ము దులుపుకున్న మనిషి ఈసారి లేవలేదు.