తడిగుడ్డ కొస

మిరప కళ్లంలో నాంచారమ్మ నడుస్తోంది, ఎంత నడిచినా ఎర్రటి కాయల అంచు రావడం లేదు, పాదాల కింద ఎండుకాయలు చిట్లి ఘాటు ముక్కుకెక్కుతోంది, ఇందాక కాయల కింద పరదాలు పరిచిన చోట ఇప్పుడు నాపరాళ్లున్నాయి, నాపరాళ్లున్న చోట పేడతో అలికిన పాత వంటిల్లుంది, ఆ వంటింటికి గోడల్లేవు, నడిమధ్యన ఒక నులకమంచం, దాని మీద నిండా ముసుగుపెట్టుకుని ఎవరో పడుకున్నారు. చూడకుండా పక్కగా తప్పుకుపోదామనుకుంటుంది. కాళ్లు మాత్రం మంచం వైపే పోతున్నాయి.

"ఎవరే అది?"

ముసుగు కదులుతుంది. ఎండుమిరపకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపినట్టు లోపల గింజల చప్పుడు. ఆ చప్పుడే మెల్లగా మాటవుతుంది.

"నేనే అత్తా, సామ్రాజ్యాన్ని."

కోడలు సామ్రాజ్యం పోయి ఇరవై మూడేళ్లు. మనవరాలు మౌనికను కన్న అయిదో రోజున, ఇట్లాంటి మిరపకోతల ఎండల్లోనే, జ్వరంతో పోయింది. ఆ సంగతి నాంచారమ్మకు కలలోనూ తెలుస్తూనే ఉంది, అయినా అత్తగారి గొంతు అత్తగారిదే.

"పచ్చి బాలింతవి, ఈ గాల్లో పడుకున్నావేందే? చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. బాలింత కాయం ముద్ద మింగా. పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం కలుపుకుని తిన్నా. అది అరిగిందాకా ఆగి, అప్పుడు రెండో ముద్ద తిన్నా. నువ్వు చెప్పినయ్యన్నీ చేశా గదా. ఇప్పుడు కాసిని మంచినీళ్లియ్యి."

"పదకొండు రోజులూ నీళ్ల మాటెత్తొద్దని చెప్పలా? కాన్పయిన కడుపులో నిప్పు ఇప్పుడిప్పుడే అంటుకుంటా ఉంటుద్ది. నీళ్లు పోశావంటే ఆరిపోద్ది. తిన్నది అరగదు, ఒళ్లు ఉబ్బుద్ది."

"ఆరలేదత్తా. చూడు."

సామ్రాజ్యం ముసుగు కడుపు దాకా జరుపుతుంది. కడుపు ఉండాల్సిన చోట మూడు రాళ్ల పొయ్యి, దాన్నిండా నిప్పులు, కాదు మిరపకాయలు, కాదు నిప్పులే, పైన కుండ లేదు, ఉడకడానికి గింజ లేదు, మంట మాత్రం పక్కటెముకల దాకా లేస్తోంది.

"దానికి తినడానికేం లేక నన్నే తింటంది."

నాంచారమ్మ వెనక్కి జరగబోతుంది. కొంగు మంచంకోటికి చుట్టుకుని ఉంది. "నాదేం లేదే తల్లీ, శేషాచారిగారే చెప్పాడు. అంత పెద్ద వైద్యుడి మాట కాదంటానా?"

"ఆచారిగారు ఏం చెప్పాడో తలుపు సందున నేనూ విన్నా. చన్నీళ్లొద్దన్నాడు. శొంఠి కొమ్మేసి, సగానికి మరగకాచి, గోరువెచ్చన చేసి, అడిగినప్పుడల్లా గుక్కెడు పోయమన్నాడు. ఎందుకు పొయ్యలా?"

"కళ్లంలో నలభై మంది కూలీలు! వాళ్లకే వండనా, కాయలే తిరగెయ్యనా? గంటకోసారి పొయ్యి ముందు కూర్చుని నీకు నీళ్లెవరు కాస్తారే?"

ఇన్నేళ్లుగా నాలుక దాటని మాట అది. దాటగానే కళ్లంలో పనంతా ఆగిపోతుంది. కూలీలందరూ తలలెత్తి చూస్తున్నారు, ఒక్కరికీ మొహాల్లేవు.

"మరి ఊళ్లో ఏం చెప్పావత్తా?"

నాంచారమ్మ మంచంకోటి నుంచి కొంగు లాక్కుంటుంది, రాదు. జ్వరానికి నుదుటి మీద వేసిన తడిగుడ్డ కొసను సామ్రాజ్యం నోట్లో పెట్టుకుని చీకుతుంటే, పళ్ల మధ్య నుంచి దాన్ని లాగేసింది తనే. కోడలు పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ, చెప్తే విన్లేదమ్మా, దొంగతనంగా తడిగుడ్డ చీకింది, చన్నీళ్లు లోపలికి పొయ్యే జ్వరం ముదిరింది, అని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది కూడా తనే.

"కాస్తానే, ఇదిగో, ఇప్పుడే కాస్తా," అంటూ ఎక్కడిదో చెంబు అందుకుని, ఇంకెక్కడా మంట లేక ఆ కడుపులోని పొయ్యి మీదే పెడుతుంది. నీళ్లు మరుగుతున్నాయి, ముప్పాతికయ్యాయి, సగమయ్యాయి, దించబోతే చెంబు ఊడిరావడం లేదు, సగంలో సగమయ్యాయి, చేతులు కాలుతున్నాయి, అడుగు ఎర్రబడుతోంది.

"సగమయినయ్యా అత్తా?"

"ఆగవే, ఆగు!"

"సగమయినయ్యా నాయనమ్మా?"

తలెత్తి చూస్తే మంచం మీద ఉన్నది మౌనిక.

నాంచారమ్మ కెవ్వుమని లేచి కూర్చుంది.

వరండాలో ఎండ అరుగు దాకా వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. పగటి నిద్ర కఫమని ఇంటిల్లిపాదినీ తిట్టే మనిషి, మజ్జిగన్నం తిని తనే కునుకు తీసింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. చెయ్యి అలవాటుగా మంచం కింది నీళ్లచెంబు మీదికి పోయి, తాకి, వెనక్కి వచ్చింది.

లోపలి గదిలో మౌనికకు కాన్పయి ఇది నాలుగో రోజు. బాగా తాగాలమ్మా అని ఆసుపత్రిలో ఇచ్చిన నీళ్ల సీసాను మొన్ననే నాంచారమ్మ అటకెక్కించింది. తలుపు తోసింది. మౌనిక గోడవైపు తిరిగి పడుకుని ఉంది, పక్కలో బిడ్డ. బిడ్డ మూతి తుడవడానికి తడిపిపెట్టిన గుడ్డ మౌనిక చేతిలో ఉంది. దాని కొస నోట్లో ఉంది.

అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి కొసను బయటికి లాగేసుకుంది. పెదాలు పగిలి ఉన్నాయి. "తాగలా నాయనమ్మా. ఒట్టు. ఊరికే మూతి తుడుచుకుంటన్నా."

గుడ్డ లాక్కోవడానికి ముందుకు చాచిన తన చేతిని నాంచారమ్మ చూసుకుంది. దాన్ని అట్లాగే తిప్పుకుని వంటింట్లోకి వెళ్లి, గ్యాసు పొయ్యి వెలిగించి, గిన్నెలో నీళ్లు పోసి, శొంఠి కొమ్ము చితక్కొట్టి వేసి, పక్కనే నిలబడింది.

మౌనిక బిడ్డకు ఒక వైపు పాలిచ్చి రెండో వైపు మార్చుకునేలోపే నీళ్లు సగానికి మరిగాయి. అంతసేపే పట్టింది.