నాటని గుట్ట

బొగ్గుగని మూతపడి పదకొండేళ్లయింది. తవ్విపోసిన మట్టి రెండు గుట్టలుగా మిగిలింది. తూర్పుగుట్ట నిండా నర్సరీ మేస్త్రీ చెట్లు పెంచాడు. పడమటిగుట్ట మీదికి నీళ్ల ట్యాంకరు ఎక్కలేదు. దాన్ని వదిలేస్తే గడ్డీ తుప్పలూ వాటంతటవే మొలిచాయి. అటు చూడాలంటేనే మేస్త్రీకి నామోషీగా ఉండేది.

చివరికి ఆ గుట్టకూ నీళ్ల పైపు వేశారు. నర్సరీలో నాలుగువేల మొక్కలు సిద్ధమయ్యాయి. నాటేముందు పురుగుల సర్వే చేయాలని ఆఫీసువాళ్లు పంపిన మనిషి ఎవరో కాదు, మేస్త్రీ మేనకోడలే. రెండు గుట్టల మీదా గ్లాసులు అంచుదాకా పాతి, సబ్బునీళ్లు పోసింది. పాకే పురుగులు వాటిలో పడేవి. ఎగిరేవాటిని వలతో పట్టేది. మకాం మామయ్య ఇంట్లోనే. సీసాలు వంటింట్లోకి తెస్తే మాత్రం, జీలకర్ర అనుకుని కూరలో వేసేస్తానని అత్తయ్య ముందే చెప్పేసింది.

మూడు నెలల తర్వాత తూర్పుగుట్ట మీద నలభై ఒక్క రకాలు తేలాయి, పడమటిగుట్ట మీద నూటముప్పై ఏడు. మేస్త్రీ నమ్మలేదు. ఆమె అతన్ని పొద్దున్నే గుట్ట ఎక్కించి, ఉత్తనేల మీద చిన్నచిన్న కన్నాలు చూపించింది. కాళ్లకు పుప్పొడి అంటుకున్న తేనెటీగలాంటిది ఒకటి వచ్చి కన్నంలో దూరింది.

"ఇవి నేలలోనే గూడు పెడతాయి మామయ్యా. ఎండ తగలాలి. నీడ పడితే ఉండవు."

మేస్త్రీ చాలాసేపు గొంతుక్కూర్చుని చూశాడు.

"అంటే పదకొండేళ్ల నా చాకిరీ దండగేనా?"

"దండగెందుకవుతుంది? ఆ గుట్ట జారకుండా నిలబడింది నీ చెట్ల వల్లే. ఇక్కడ మాత్రం నువ్వు చెయ్యి పెట్టకపోవడమే మేలైంది."

"బాగుంది. చెయ్యని పనికి మెప్పన్నమాట."

ఆఫీసు మీటింగులో ఇంజనీరు అందరికంటే ముందు మేస్త్రీనే అడిగాడు. నాటొద్దన్నాడు మేస్త్రీ.

"పైపు కోసం ఇన్నేళ్లూ మా ప్రాణాలు తోడింది మీరే కదా?"

"అడిగిందీ నేనే, వద్దంటోందీ నేనే."

మొక్కలు బడులకూ రోడ్ల పక్కకూ వెళ్లిపోయాయి. మేస్త్రీ నాలుగు రోజులు మేనకోడలితో ముభావంగా ఉన్నాడు. ఏం చెప్పాలన్నా భార్యతో చెప్పించేవాడు. అయిదోరోజు తూర్పుగుట్ట ఎక్కి, ఎండ దిగేలా ఇరవై చెట్లు కొట్టించాడు. ఒక్కొక్కటీ పడుతుంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మరుసటేడు ఆ ఖాళీలో ఆరు రకాలు కొత్తగా కనిపించాయి. ఇంకా వస్తాయంది మేనకోడలు. వచ్చినప్పుడు చూద్దాంలెమ్మని, మేస్త్రీ ఆ ఆరింటి పేర్లూ అడిగి రాసుకున్నాడు.