పదకొండు నీలి తువ్వాళ్లు

ఎమ్మిగనూరులో ధనుంజయ మగ్గం నేస్తుంటే, అడ్డదారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె అతని కళ్లకు బంతిలా కనిపించేది. నిలువుగా పరిచిన నీలిపోగుల పడుగు మెల్లగా మైదానమయ్యేది. అక్కడ ఊరి ఫుట్‌బాల్ జట్టు అలుపు లేకుండా ఆడేది. గోల్‌కీపర్‌ మోకాలికి నొప్పే ఉండేది కాదు. ఆదోని మీద గెలిస్తే జట్టు పై డివిజన్‌కు పోతుంది. ఆ రోజు అందరికీ కప్పాలని పదకొండు తువ్వాళ్లు మొదలుపెట్టాడు.

ఆదివారం ఆదోనిలో ఒక్క గోలుతో ఓడిపోయారు.

మరునాడు అతను ఆఖరి తువ్వాలు ముగించి గుడ్డ కోశాడు.

"ఓడిపోయినోళ్లకు తువ్వాళ్లెందుకు? సంతలో అమ్ముదాం" అంది భార్య అరుణకుమారి.

"ఓడినోళ్లకు సెమట పట్టదా?"

"సరే, మగ్గంలో మిగిలిన ఆ పోగులన్నా పీకి పారెయ్యి."

ధనుంజయకు కోపం ముంచుకొచ్చింది. "నేతోళ్లింట్లో పుట్టి ఏం మాటే అది! అవి పీకేస్తే కొత్త పడుగు దేనికి అతకల్ల?"

మగ్గంలో మిగిలిన జానెడు నీలిపోగుల కొసలను జాగ్రత్తగా ముడివేశాడు. తర్వాత నాడెను తీసి సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. గోలు పడ్డాక బంతిని అక్కడే పెట్టి ఆట మళ్లీ మొదలుపెడతారు.