ఒకే కుర్చీలో సోమవారం, మంగళవారం

నీటి మోటార్లు అమ్మే ఆ కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి మనుషులు ఎక్కువ, కుర్చీలు తక్కువ. అందుకని కొంతకాలంగా ఇద్దరికో కుర్చీ పెట్టారు. ఒకరు ఆఫీసుకొచ్చిన రోజు రెండోవారు ఇంటినుంచి ఫోన్లు అందుకుంటారు, మర్నాడు తారుమారు. కిటికీ పక్క కుర్చీని పంచుకున్న ఇద్దరు ఆడవాళ్ళకీ ఆఫీసు తనంతట తానే పేర్లు పెట్టేసింది. ఒకావిడ సోమవారం మేడం, ఇంకొకావిడ మంగళవారం మేడం. ఒకరొచ్చిన రోజు ఇంకొకరు రారు కాబట్టి ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. కంప్యూటర్ మీటింగుల్లో సైతం కెమెరాలు ఆపుకుని గొంతులు మాత్రం వినిపించేవారు.

చూడని మనిషిని అనుమానించడమంత తేలిక ఇంకోటి లేదు. సోమవారం మేడం వచ్చేసరికి కుర్చీ ఎప్పుడూ కిందకి దించి ఉండేది. ఇంకెవరైనా అయితే ఆ రెండోమనిషి పొట్టి కాబోలనుకుని ఎత్తు సరిచేసుకుంటారు. సోమవారం అలా ఊరుకునే రకం కాదు. తనని కూడా కిందకి దించాలని చూస్తోందనుకుంది. ఒకరోజు కుర్చీలో చిన్న దిండు కనిపించింది. బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం ఇలాగే ఉంటుందని ఆ దిండును అటకెక్కించింది. అవతల ఎవరో మోటారు ఓనరు ఫోన్లో "నిన్నటి మేడం బాగా విడమర్చి చెప్పారండీ" అన్నాడో లేదో, ఆవిడకి కడుపు రగిలిపోయింది. చాప కింద నీరులా తన కస్టమర్లను కూడా తిప్పుకుంటోందన్నమాట.

ఇంత అనుమానానికీ కారణం ఆవిడ ఇల్లు. ఇంట్లో ఆవిడ పెద్దకోడలు. ముందుగదిలో తోడికోడలి కుట్టుమిషను పొద్దస్తమానం టకటకలాడుతుంది. హాల్లో అత్తగారి టీవీ. వంటింటి పక్కన వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, నిలబడి ఫోన్లు మాట్లాడాలి. అవతలివాడు మోటారు మొరాయిస్తోందని మొరపెట్టుకుంటుంటే ఇవతల "పెద్దమ్మాయ్, గ్లాసుడు మజ్జిగ" అని అత్తగారు. ఆఫీసుకొచ్చిన రోజే ఆవిడకి ఒక మనిషిలా కూర్చోవడం దొరికేది. ఆ కిటికీ పక్క కుర్చీ పోతే ఉద్యోగమూ ఎన్నాళ్ళో నిలవదని ఆవిడకి లోలోపల తెలుసు.

ఇంతలో మేనేజరు కొత్త ఏర్పాటుకు పూనుకున్నాడు. ఆయన ఏం చెప్పినా గోడమీది తెరమీద రంగుల గళ్ళు వేసి చెబుతాడు కాబట్టి వెనకాల అందరూ రంగులాయన అంటారు. ఇక వంతులు ఉండవట. ప్రతి కుర్చీకీ ఉన్న ఇద్దరిలో ఒకరు పూర్తిగా ఆఫీసు, ఒకరు పూర్తిగా ఇల్లు. ఆఫీసువాళ్ళ గడి నీలం, ఇంటివాళ్ళది ఆకుపచ్చ. ఎవరికి ఏ రంగో ఆయనే తేలుస్తాడు. ముందు మాత్రం ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడతాడు.

నాకు ఆఫీసే కావాలండీ అని అడిగేస్తే పోయేదిగా అంటారేమో. ఆవిడ అడగలేదు. అడిగితే అవసరంలో ఉందని తెలిసిపోతుంది, తెలిస్తే అలుసైపోతామని ఆవిడ భయం. రంగులాయన "మీకు ఏదైనా ఫర్వాలేదా?" అంటే "మీ ఇష్టం సార్" అంది. ఆ తర్వాత ఆయన అసలు విషయంలోకి వచ్చాడు.

"మీ కుర్చీ పంచుకునే ఆవిడ పనెలా ఉంటుంది?"

ఈ ప్రశ్న కోసమే ఆవిడ తలుపు దగ్గర్నుంచీ కాచుకుని ఉంది.

"నాకెందుకులెండి సార్, ఒకళ్ళ సంగతి."

"చెప్పండి, ఇక్కడే ఉంటుంది."

"ఏం లేదు సార్. ఇంటి దగ్గరున్న రోజు ఆవిడ ఫోను వెంటనే ఎత్తదేమోనని. ఆవిడ ఎత్తని ఫోన్లు నాకొచ్చి పడుతుంటాయి. ఇంట్లో ఏం పనులుంటాయో మరి. ఒట్టేసి చెప్పలేను గానీ."

నిజానికి ఫోన్లు ఎవరికి పోక ఎవరికి వస్తాయో వాటిని పంచే ఆ కంప్యూటర్‌కే తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా మంగళవారానికి చెడ్డపేరొస్తే కుర్చీ తనకి మిగులుతుందని. రంగులాయన తల పంకించి, "మంచిపని చేశారు చెప్పి" అన్నాడు. సోమవారం గదిలోంచి బయటికి వస్తూ, చాలా కాలం తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఏర్పాటు తేలిన రోజు ఇంటివాళ్ళనీ ఆఫీసువాళ్ళనీ అందరినీ రమ్మన్నారు. కుర్చీలు చాలక సగంమంది గోడకి చేరబడి నిలుచున్నారు. తెరమీద గళ్ళు వెలిగాయి. సోమవారం కిటికీ పక్క గడి వెతుక్కుంది. అది నీలంగానే ఉంది. అందులో ఉన్నది మంగళవారం. తను మాత్రం అట్టడుగున, ఆకుపచ్చలో ఉంది.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అందరూ కదులుతుంటే ఆయన దగ్గరికి వెళ్ళి, మెల్లగా, ఇదెలా జరిగిందని అడిగింది.

"మీరు చెప్పాకేగా నాకు తేలిగ్గా తేలింది," అన్నాడు రంగులాయన సంతోషంగా. "ఇంట్లో ఎవరూ చూడకపోయినా పనిచేసేవాళ్ళనే కదమ్మా ఇంటికి పంపగలం. మీమీద నాకు పూర్తి నమ్మకం. నమ్మకం లేనివాళ్ళు నా కళ్ళముందు ఉండాలి."

ఆవిడ వరండాలోకి వచ్చి నీళ్ళ ఫిల్టర్ దగ్గర నిలబడింది. గ్లాసు నిండి చేతిమీదకి పొర్లేదాకా చూసుకోలేదు. అంతలో ఎవరో పక్కకొచ్చి కుళాయి కట్టేశారు. పొట్టి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సోమవారం మేడం మీరే కదూ? గొంతు విని గుర్తుపట్టాను. నేను మంగళవారాన్నక్కా."

సోమవారం తల ఊపింది.

"ఇద్దరం మునిగాం," అంది మంగళవారం. "మా పాపకి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయక్కా. ఒక్కదాన్నే వదలలేను. మా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. నేను ఆఫీసుకొచ్చే రోజులకి మా ఆడబిడ్డని బతిమాలుకుంటున్నా. రోజూ అంటే తను మాత్రం ఎలా వస్తుంది? మానెయ్యడమే ఇంక." కొంగుతో మొహం తుడుచుకుంది. "రంగులాయనకి చెప్పానక్కా, కుర్చీ మీకిచ్చి నన్ను ఇంటి దగ్గర వదిలెయ్యమని. మీటింగుల్లో ఆవిడ వెనకాల ఎప్పుడూ ఏదో మిషను చప్పుడు వినపడుతుంది, ఆవిడకి ఇంట్లో కుదరట్లేదు పాపం, పనిమంతురాలు అని కూడా చెప్పా. ఆయన విన్నాడు కూడా. తర్వాత ఎవరో నేను ఫోన్లెత్తనని మోశారట."

సోమవారానికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఎవరై ఉంటారక్కా? పొద్దుట్నుంచీ ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నా. నవ్వితే వాళ్ళే అనిపిస్తోంది, నవ్వకపోతే వాళ్ళే అనిపిస్తోంది. మీమీద ఒక్కరిమీదే అనుమానం లేదు. మీకేం పని నాతో, చూసింది కూడా లేదు కదా."

"ఇక్కడే ఉండు," అని సోమవారం మళ్ళీ మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"సార్, నేను చెప్పింది అబద్ధం. ఆవిడ ఫోన్లు ఎత్తుతుంది. కుర్చీ నాకు దక్కాలని కల్పించి చెప్పాను. నాకు ఇంట్లో కుదరదు. ఆవిడకి ఇల్లు కావాలి. రంగులు మార్చెయ్యండి."

అంతకంటే నిజం ఆవిడ ఆ ఆఫీసులో ఎన్నడూ చెప్పలేదు. రంగులాయన కుర్చీలో వెనక్కి వాలి, గది అద్దంలోంచి వరండా వైపు చూశాడు.

"ఇప్పుడు మీతో మాట్లాడింది ఆవిడే కదూ? ఏడ్చింది కూడా. చూశాను."

"అందుకు కాదు సార్. నేను నిజంగానే..."

"మీ మంచితనం నాకు తెలుసమ్మా. ఎవరైనా ఏడిస్తే కరిగిపోతారు, తప్పు నెత్తిన వేసుకుంటారు. నాకు అర్థం కాదనుకోకండి. అరగంట కూడా కాలేదు, అప్పుడే మిమ్మల్ని పట్టుకుని సిఫార్సుకి పంపింది." ఆయన కంప్యూటర్‌వైపు తిరిగి మంగళవారం ఉన్న నీలం గడిని పట్టుకుని జరిపాడు. అది కిటికీ పక్కనుంచి కదిలి, ఆయన గది తలుపుకి ఎదురుగా వచ్చి ఆగింది. "ఇలాంటివాళ్ళని దగ్గరే పెట్టుకోవాలి."

ఆవిడ ఇంకోసారి చెప్పింది. గొంతు పెంచి చెప్పింది. ఎంత గట్టిగా చెబితే ఆయన అంత జాలిగా చూశాడు. చివరికి ఆయనే లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మంగళవారం అక్కడే, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"నా గురించే అడిగారా అక్కా?"

"అడిగాను."

"వినలేదు కదూ?"

"వినలేదు."

మంగళవారం ముందుకొచ్చి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "పోనీలెండి. ఇంత ఆఫీసులో నాకోసం ఒక్కరు అడిగారు, అది చాలు. మీ మేలు మర్చిపోనక్కా," అంది.

నేనే అన్న మాట సోమవారం గొంతుదాకా వచ్చింది. లోపల మేనేజరు ముందు అన్నిసార్లు అన్న మాట, ఇక్కడ ఒక్కసారి కూడా పెగల్లేదు. చేతులు మాత్రం ఆవిడ చేతుల్లో అలాగే ఉంచింది.