ఆకుపచ్చ ముఖం

శనివారం పొద్దున అమెరికాలో, క్యారీ ఊళ్ళో మనవాళ్ళంతా సరుకులకి కాస్ట్‌కోకి పోతే, వసుమతి గరాజ్ తలుపెత్తి బొమ్మలేసుకునేది. కారు బయట ఎండలో మాడేది. ఆవిడ బొమ్మల్లో ముక్కు ఓ పక్కకి, కళ్ళు ఓ పక్కకి పోతాయి. ముఖాలు ఆకుపచ్చగా, ఊదాగా ఉంటాయి. పాట్‌లక్ భోజనాల్లో ‘దయ్యాల బొమ్మలు’ అని నవ్వుకునేవాళ్ళే, ఇంట్లో చావొచ్చినా విడాకులొచ్చినా ఆవిడ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఆవిడ బొమ్మ వేస్తే ఆ మనిషి బాధంతా బొమ్మలోకి పోయేది మరి. మనిషి తేలిగ్గా లేచి వెళ్ళేవాడు. బొమ్మని మాత్రం ఎవరూ పట్టుకెళ్ళరు. "పిల్లలు జడుసుకుంటారండీ" అని పులిహోర డబ్బా చేతిలో పెట్టి పోయేవాళ్ళు. ఛీ, ఏరు దాటాక తెప్ప తగలేసే రకం!

ఇన్నేళ్ళకి తెలుగు సంఘంవాళ్ళు ఉగాది సభలో ఆ బొమ్మలు పెడతామన్నారు. డెబ్భై ఏళ్ళ వసుమతికి అదే మొదటి షో. ఆశతో ఆవిడకి అన్నం సయించలేదు.

ముందురోజు హాల్లో బొమ్మలు తగిలిస్తుంటే సంఘం ప్రెసిడెంట్ దక్షిణామూర్తి, భార్య సరోజ వచ్చారు. స్టేజ్ పక్కనున్న ఆకుపచ్చ ముఖం చూసి ఆయన మొహం చిట్లించాడు.

"ఇదేంటండీ, ఇంత ఘోరంగా ఉంది? ఫొటోలన్నిట్లో ఇదే పడుతుంది. తెల్లరంగు కొట్టేయండి. లేదంటే షో క్యాన్సిల్."

"అది మీరేనండీ," అంది వసుమతి. "మీ అబ్బాయి అర్జున్ పోయినప్పుడు వేశాను."

"ఓ, అదా! అయిపోయిందిగా. కొట్టేయండి," అని ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. కొడుకు పేరు విని కూడా ఆయన కళ్ళు చెమర్చలేదు.

సరోజ వసుమతి చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా, నీకు దణ్ణం పెడతా. ఆ బాధ తిరిగొస్తే ఆయన తట్టుకోలేరు."

"ఇన్నేళ్ళూ నా బొమ్మలు గరాజ్‌లో మగ్గాయి సరోజా. అప్పుడెవరూ అక్కా అనలేదు."

చెయ్యి విడిపించుకుని తెల్లరంగు డబ్బా తెరిచింది.

మర్నాడు దక్షిణామూర్తి మైక్ అందుకుని "అందరికీ ఉగాది శుభా..." అంటూ, పక్కనున్న తెల్లటి కాన్వాస్ కంటపడి ఆగిపోయాడు. "అర్జూ! నాన్నా!" అని కేకపెట్టి స్టేజ్ మీదే కూలబడ్డాడు. సరోజ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. జనం ఇబ్బందిగా ముఖాలు తిప్పుకుని బొమ్మల వైపు నడిచారు. ఆకుపచ్చవీ ఊదావీ గబగబా దాటేసి, తెల్లటి కాన్వాస్ ముందు ఆగారు.

"ఆంటీ, ఇదొక్కటీ సో బ్యూటిఫుల్," అంది రియా, ఈమధ్యే కొత్తిల్లు కొనుక్కున్న పిల్ల. "మా లివింగ్ రూమ్‌లో పెట్టుకోనా?"

తన బొమ్మని ఒకరు ఇంటికి పట్టుకెళ్తామని అడగడం అదే మొదలు. వసుమతి గోడమీంచి దించి ఇచ్చేసింది. స్టేజ్ మీద ఆయన ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.