స్పీకర్ మీద వేలు

మా నాన్న చెవులు పోయాయని స్కూల్లో నాకొక్కదానికే తెలుసు. ఆయన ఫిజిక్స్ సారు, నేను ఆయన క్లాసులోనే చదివేదాన్ని. చెవుడు వస్తే వచ్చింది, దాచడమెందుకని నాకు ఒళ్లు మండేది. అదే అడిగితే, "తెలిస్తే రేపట్నుంచి ఇంట్లో కూర్చోమంటారు తల్లీ. పాఠం చెప్పడం తప్ప నాకింకేం వచ్చు?" అన్నాడు. నా కోపం చల్లారలేదు గానీ, అప్పటినుంచి మొదటి బెంచీలో కూర్చుని, వెనకనుంచి ఎవరేం అడిగినా ఆయనకేసి చూస్తూ, పెదాలు బాగా కదిపి మళ్లీ అడిగేదాన్ని. పిల్లలు నన్ను చిలక అని ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించనీ అనుకునేదాన్ని.

ఆ రోజు పాఠం స్పీకర్ గురించి. పెద్దమేడం తనిఖీకి వచ్చింది. వస్తూనే నన్ను లేపి, "అందరి తరఫునా నువ్వే మాట్లాడేస్తున్నావని విన్నాను. ఇలా వచ్చి నా పక్కన కూర్చో" అని చివరి బెంచీకి తీసుకుపోయింది.

నాన్న మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు. పాత స్పీకర్ విప్పి అయస్కాంతం చూపించాడు, దాని సందులో ఇమిడే రాగితీగ చుట్ట చూపించాడు. "తీగలో కరెంటు దిశ మారుతున్నకొద్దీ అయస్కాంతం ఈ చుట్టని ఓసారి ముందుకి, ఓసారి వెనక్కి నెడుతుంది. చుట్ట ఈ అట్టకి అతుక్కుని ఉంది కాబట్టి అట్ట కూడా ఊగుతుంది. అది గాలిని తోస్తుంది. ఆ గాలే మీ చెవిలో పాట." అంత విడమరిచి చెప్పేవాళ్లు ఆ స్కూల్లో ఇంకొకరు లేరు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

తర్వాత స్పీకర్ మళ్లీ బిగించి, పాట పెట్టి, ఎప్పటిలాగే అట్ట మీద వేలు ఆనించాడు. మోగుతోందో లేదో ఆయనకు చెప్పేది ఆ వేలే. కానీ బిగించేటప్పుడు చుట్ట ఓ పక్కకు ఒరిగింది. అయస్కాంతానికి రాసుకుంటూ, రేకును గోళ్లతో గీకినట్టు గరగరమంది. పాట ముక్క కూడా తెలియలేదు. వేలికి మాత్రం అదీ వణుకే, ఇదీ వణుకే.

"విన్నారా, ఎంత కమ్మగా ఉందో!" అన్నాడు నాన్న.

పిల్లలు పగలబడి నవ్వారు. సంతోషమనుకుని ఆయనా నవ్వాడు. ఇంకాస్త పెంచి, బోర్డు వైపు తిరిగి బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

పెద్దమేడం నవ్వలేదు. "మీ నాన్నకి వినపడదా?" అంది మెల్లగా.

"వినపడుతుంది మేడం."

"అయితే ఆ గోల ఆపమని చెప్పు."

"సార్" అన్నాను. సుద్దముక్క ఆగలేదు. "సార్!" అని అరిచాను. పిల్లల నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు బెంచీ పిల్ల లేచి స్పీకర్ తీగ పీకేసింది. గరగర ఆగిపోయింది. గొంతు చించుకుని "నాన్నా!" అన్నాను.

ఆయన బొమ్మలో ఉత్తరం, దక్షిణం రాసి, బాణాలు గీసి, చేతులు దులుపుకుని మా వైపు తిరిగాడు.

"అదిగో, ఇంకా పాడుతూనే ఉంది. ఒక్కొక్కరే దగ్గరికొచ్చి వినండి" అన్నాడు.